మిషన్ అమ్ముకోకు చెల్లె, ముందు లెక్క రాయి

ప్రశ్న:

అక్కా, నమస్తే. నాకు 31 ఏండ్లు. నల్లగొండ టౌన్‌ల ఉంటం. ఒక ప్రైవేటు దవాఖానల బిల్లింగ్ కౌంటర్ మీద చేస్త. జీతం 11,000. పొద్దున ఎనిమిదిన్నరకు ఇల్లు కదిలితే మళ్ల ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరున్నర. నాలుగేండ్ల సంది ఇంట్ల జాకెట్లు కుడుతున్న. ముందు కాలు మిషన్ ఉండె, తర్వాత మోటారు పెట్టించిన. పాప పుట్టకముందు నెలకు 35 జాకెట్ల దాక అయ్యేటివి. బాబు ఒకటో తరగతి. పాపకు ఎనిమిదో నెల. కాన్పు అయిన మూడు నెలలకే డ్యూటీకి రమ్మన్నరు, పోయిన.

మా ఆయన డీసీఎం నడుపుతడు, మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం లోడు. వారంల మూడు నాలుగు రాత్రులు ఇంట్ల ఉండడు. పాపను పగలంత మా అత్త చూసుకుంటది. ఆమెది మర్రిగూడ దిక్కు. ఆ ఫ్లోరైడ్ నీళ్లతోని నడుము, మోకాళ్లు బిగుసుకపోయినయి, పాపను ఎత్తుకోలేదు. నేను పిల్లలు పడుకున్నంక పదింటి నుంచి ఒంటిగంట దాక కుడుత. మెడ గుంజుతున్నది. బాబు హోంవర్క్ చేస్తలేడని టీచర్ పిలిపించింది. కుట్టుడు బందు చెయ్యమని ఇంట్ల అందరు అంటున్నరు. "పైసలు ఎప్పుడన్న వస్తయి, పిల్లల చిన్నతనం మళ్ల రాదు" అంటది అత్త. ఇదే టైంల దేవరకొండ రోడ్డు దిక్కు ఒక షట్టర్ ఖాళీ అయింది. కిరాయి 5,000, అడ్వాన్సు 50,000. సంఘంల లోను ఇస్తమంటున్నరు. ఓనర్ ఈ నెలాఖరు దాక ఆగుతనన్నడు. మిషన్ అమ్ముకోవాల్నో షట్టర్ తీసుకోవాల్నో తెలుస్తలేదు. ఈ మధ్య ఊకెనే ఏడుపొస్తది. నేను మంచి తల్లిని కానా అక్కా?

జవాబు:

చెల్లె,

షట్టర్ సంగతి తర్వాత. ఊకెనే ఏడుపొస్తుందని రాశావే, ముందు అది చూద్దాం. కాన్పు తర్వాత ఏడాది లోపల ఎప్పుడైనా మనసు ఇలా కుంగిపోవచ్చు. అది నీ బలహీనత కాదు, నటన అంతకన్నా కాదు. రెండు వారాలు దాటినా రోజూ ఇట్లాగే ఉంటే, పాప పడుకున్నా నీకు నిద్ర పట్టకపోతే, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోతే డాక్టర్‌కు చూపించుకోవాలి. నువ్వు పనిచేసేదే దవాఖాన కాబట్టి ఈ వారమే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకో. రక్తం తక్కువున్నా, థైరాయిడ్ తేడా చేసినా ఒళ్లు ఇట్లాగే ఈడుస్తుంది, మనసు ఇట్లాగే ఉంటుంది. తెలిసినవాళ్ల మధ్య చెప్పుకోలేననిపిస్తే 14416కు ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత సేవ. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదనో, పాపకు ఏమైనా చేస్తానేమోననో ఒక్కసారి అనిపించినా తెల్లారేదాకా ఆగకు. ఇంట్లో ఎవరో ఒకరిని లేపి చెప్పి దవాఖానకు పో.

ఇక పని సంగతి. మీ ఇంట్లో అందరూ కుట్టుపని మానమంటున్నారు, ఉద్యోగం మానమని ఒక్కరూ అనడం లేదు. ఉద్యోగం పైసలు ఒకటో తారీఖున ఒక్కసారి వచ్చి కనిపిస్తాయి. కుట్టు పైసలు మూడు వందలు, నాలుగు వందలుగా వచ్చి పాల ప్యాకెట్లకు, బాబు నోటుబుక్కులకు కలిసిపోతాయి. కనిపించని దాన్ని మానమనడం ఎవరికైనా తేలికే. కాబట్టి కాగితం తీసుకుని నాతో పాటు లెక్క వెయ్యి.

ఎనిమిదిన్నర నుంచి ఆరున్నర దాకా, పోనూ రానూ కలిపి రోజుకు పది గంటలు. నెలకు 26 రోజులంటే 260 గంటలు. 11,000ను 260తో భాగిస్తే గంటకు 42 రూపాయలు. ఆటో కిరాయి ఉంటే అది కూడా ఇందులోనే తీసెయ్యి.

ఇప్పుడు జాకెట్. నీ రేటు నువ్వు రాయలేదు. లైనింగ్ జాకెట్‌కు 350 అనుకుందాం, కాదంటే నీ అంకె పెట్టుకో. లైనింగ్ గుడ్డ, దారం, హుక్కులు, కరెంటు కలిపి 90 పోతే 260 మిగులుతుంది. కటింగ్ నుంచి హెమ్మింగ్ దాకా రెండున్నర గంటలు. కొలతలు తీసుకోవడం, గిరాకీతో మాట్లాడటం, "చంక దగ్గర కొంచెం పట్టింది" అని వెనక్కి వస్తే విప్పి కుట్టడం కలిపి ఇంకో అరగంట. మూడు గంటలకు 260 అంటే గంటకు 86 రూపాయలు. అందరూ మానమంటున్న పనిలో నీ గంటకు ఉద్యోగం కంటే రెట్టింపు వస్తోంది. 35 జాకెట్లు కుట్టిన నెలలో 105 గంటలకు 9,100 సంపాదించావు. దవాఖాన కోసం పోనూ రానూ కలిపి 260 గంటలు పెడితే 11,000.

ఇది చదివి రేపే రాజీనామా రాయకు. అంత తొందర వద్దని ఎందుకంటున్నానో చెబుతాను. కానీ ఇంట్లో మాట వచ్చినప్పుడు ఈ అంకెలు నీ నోట్లో ఉండాలి.

ఆడవాళ్ల గంటలను లెక్కలో రాయకపోవడం మన దిక్కు పాత సంగతే. చండూరు, గట్టుప్పల్, పుట్టపాక వైపు మగ్గం ఉన్న ఏ ఇంటికైనా పోయి అడుగు. రంగు అద్దేందుకు దారానికి ముళ్లు కట్టే చిటికీ పనికి ముందు, పట్టు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి ఆసు పోయాలి. ఒక చీరకు దాదాపు తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిరగాలి, నాలుగైదు గంటల పని. ఆ చెయ్యి ఇంటి ఇల్లాలిది. మజూరీ మాత్రం మగ్గం మీద కూర్చున్నాయన చేతికి వచ్చేది. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం వాళ్లమ్మ లక్ష్మి భుజం నొప్పితో ఆ పని చేస్తుంటే చూడలేక, ఏళ్ల తరబడి తండ్లాడి 1999లో ఆసు యంత్రం తయారు చేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వచ్చాకే చాలామందికి అంతకుముందు ఆ పని ఎంత భారమో తెలిసింది. నీ మెడ గుంజుడు కూడా లెక్కలో రాయాల్సిన ఖర్చే చెల్లె. మిషన్ ముందు స్టూలు ఎత్తు సరిగ్గా ఉందా, లైటు గుడ్డ మీద పడుతుందా చూడు. బిల్లింగ్‌లో తొమ్మిది గంటలు, మిషన్ మీద మూడు గంటలు అదే మెడ వంచితే ఏ మందూ పనిచేయదు.

ఉద్యోగం ఇప్పుడే ఎందుకు మానొద్దంటే, కుట్టుపనికి కాలాలున్నాయి. నాకంటే నీకే బాగా తెలుసు. ఇప్పుడు ఆషాఢం, పెళ్లిళ్లు లేవు. శ్రావణం రాగానే వరలక్ష్మి వ్రతం జాకెట్లు, ఆ తర్వాత బతుకమ్మ, దసరా. సద్దుల బతుకమ్మ ముందు వారం టైలర్ ఇంటి ముందు ఎట్లుంటుందో చెప్పక్కర్లేదు. మళ్లీ పుష్యంలో పెళ్లిళ్లు ఆగుతాయి, మూఢం వస్తే ఆగుతాయి. బాగా నడిచిన నెలను చూసుకుని ఉద్యోగం వదిలితే ఖాళీ నెలలో పాలబిల్లు కట్టడానికి తిప్పలవుతుంది. దీపావళి దాకా ఉండు. అప్పటికి పాపకు ఏడాది దగ్గర పడుతుంది, నీ దగ్గర నాలుగు నెలల లెక్క ఉంటుంది.

ఆ లెక్క ఎట్లా రాయాలంటే, వంద పేజీల నోటుబుక్కు చాలు. ఏ తారీఖున ఎవరి జాకెట్ వచ్చింది, రేటెంత, గుడ్డకు దారానికి ఎంత, ఎన్ని గంటలు పట్టింది, పైసలు చేతికి ఎప్పుడు వచ్చాయి. ఉద్దెర ఎంత నిలిచిందో వేరే పేజీలో రాయి. ఇంకొకటి తప్పకుండా రాయాలి, దీన్ని దాదాపు ఎవరూ రాయరు. టైం లేక నువ్వు కాదన్న గిరాకీ. "ఇప్పుడు కాదక్కా" అని పంపిన ప్రతి జాకెట్‌కూ ఒక గీత పెట్టు. నువ్వు పొద్దంతా కుట్టగలవా అన్నది అసలు ప్రశ్న కాదు, నీ చెయ్యి మంచిదే. పొద్దంతా కుట్టేంత పని నీ ఇంటికి నడిచి వస్తుందా అన్నది ఆ గీతలే చెబుతాయి.

మళ్లీ దవాఖాన దగ్గరికి వస్తా. మూడు నెలలకే రమ్మన్నారని రాశావు. ఆ మాట దగ్గర నాకు మనసు కలుక్కుమంది. పది మంది, అంతకు మించి పనిచేసే చోట, కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసిన మనిషికి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవు ఉంటుంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో 12 వారాలున్న సెలవును 2017లో 26 చేశారు. తర్వాత వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ అంతే. నీ జీతం చీటీ తీసి ఈఎస్ఐ కట్ అవుతుందో లేదో చూడు. 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది, అది ఉంటే ఆ సెలవు డబ్బు ఈఎస్ఐ నుంచే వస్తుంది. నీకు ఎన్ని వారాల జీతం వచ్చింది, ఎన్ని వారాలది రాలేదు, కాగితం మీద రాసుకుని కార్మిక శాఖ ఆఫీసులో గానీ ఈఎస్ఐ వాళ్ల దగ్గర గానీ అడుగు. దబాయించి అడగాల్సిన పని లేదు, తెలిసి అడిగితే చాలు.

పాపకు పదిహేను నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలివ్వడానికి విరామం కూడా ఆ చట్టంలో ఉంది. మామూలు భోజనం టైంకు ఇది అదనం. పాప నీ దగ్గర ఉండదు కాబట్టి ఆ టైంలో పాలు పిండి తీసి, ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బాలో ఇంటికి తెచ్చుకోవచ్చు. పిండిన పాలు గదిలో నాలుగు గంటలు ఆగుతాయని చెబుతారు గానీ ఆ లెక్క చల్లటి గదికి. మన ఎండలకు అంతసేపు బయట ఉంచొద్దు. ఫ్రిజ్‌లో నాలుగు రోజుల దాకా ఉంటాయి. ఎనిమిదో నెల కాబట్టి పగలు మెత్తటి పప్పన్నం, ఉడికించిన గుడ్డు, రాగి జావ అన్నీ తినొచ్చు. అంగన్‌వాడీలో పాప పేరు రాయించావో లేదో రాయలేదు. ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇస్తారు. నువ్వు డ్యూటీలో ఉంటావని వదులుకోకు, మీ ఆయన ఇంట్లో ఉన్న రోజున పోయి తెస్తాడు.

మీ అత్త సంగతి కొంచెం నెమ్మదిగా మాట్లాడాలి. మర్రిగూడ నీళ్లు తాగి పెరిగిన మనిషి వంగలేదు, లేవలేదు, మెడ తిప్పలేదు. అటువంటి మనిషి పాకే పిల్లను పది గంటలు చూసుకుంటోంది. ఆమె అనే మాట నీ మీద కోపంతో అన్నది కాకపోవచ్చు. సాయంత్రానికి ఆమెకు శక్తి అయిపోయి ఉంటుంది. పాపను ఎత్తే పని లేకుండా చెయ్యి: కింద బొంత మీదే అన్నీ జరగాలి, తినిపించడం, ఆడించడం, పడుకోబెట్టడం. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా వాడలోని ఒక పెద్దామెను తోడు కూర్చోమని అడుగు. నెలకు 3,000 ఇచ్చావనుకో, అది 12 జాకెట్ల మిగులు. ఎక్కువే. కానీ ఆ నాలుగు గంటలు మీ అత్త నడుము వాలుస్తుంది, పాప ఎత్తుకునే చేతుల్లో ఉంటుంది. ఆ ఖర్చు నీ ఒక్కదాని కుట్టు పైసల నుంచి పోకూడదు, ఇంటి ఖర్చు కింద రావాలి. తక్కువకు వస్తుందని బడి మానిన ఆడపిల్లను పెట్టుకోమని ఎవరన్నా సలహా ఇస్తే మాత్రం వినకు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో పని చేయించడం నేరం, పైగా ఆ పిల్లకూ ఒక తల్లి ఉంటుంది.

మీ ఆయనతో మాట్లాడే రోజు చూసుకుని మాట్లాడు, లోడు దించి వచ్చిన రోజు కాదు. రాత్రంతా స్టీరింగ్ పట్టుకున్న మనిషి నిద్రపోవాలి. డ్రైవర్‌కు నిద్ర చాలకపోతే ఏమవుతుందో అద్దంకి రోడ్డు మీద చూస్తూనే ఉంటాం. కానీ నిద్ర లేచాక ఆ రోజు ఇంకా ఉంటుంది. ఇంట్లో ఉన్న సాయంత్రాలు బాబు హోంవర్క్ ఆయనది, రాత్రి అన్నం వండటం ఆయనది, పాప బట్టలు ఉతకడం ఆయనది అని తేల్చుకోండి. "కొంచెం చూసుకో" అంటే ఏమీ జరగదు. ఏ పని, ఏ పూట అన్నది ఒక్కసారి గట్టిగా చెప్పుకోవాలి. 42, 86 రూపాయల లెక్క కూడా ఆయన ముందు పెట్టు. లోడు మీద డీజిల్ ఎంత, కిరాయి ఎంత అని చూసుకునే మనిషికి ఈ లెక్క వెంటనే ఎక్కుతుంది.

బాబు గురించి నాకు పెద్ద బెంగ లేదు. ఇంటికి కొత్త పాప వచ్చింది, ఒకటో తరగతి వచ్చింది, అమ్మ సాయంత్రం వచ్చీ రాగానే వంటగదిలోకి, తర్వాత మిషన్ దగ్గరికి. వాడు అడిగేది హోంవర్క్‌లో సాయం కాకపోవచ్చు, నీ పక్కన కూర్చోవడం కావచ్చు. ఇంటికి వచ్చిన మొదటి గంట మిషన్ మూత తియ్యకు, గిరాకీ ఫోను ఎత్తకు. పాపకు పాలిస్తూ వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ రోజు బడిలో ఏమైందో చెప్పించు. రాయడం దానంతటదే వస్తుంది. టీచర్‌కు కూడా ఇంట్లో పరిస్థితి చెప్పు, చాలామంది టీచర్లు తల్లులే.

పాప పాకుతోంది కాబట్టి మిషన్ ఉన్న చోటు జాగ్రత్త. గుండుసూది, హుక్కు, బొత్తాం ఏది దొరికినా నోట్లోకే పోతుంది. గొంతులో అడ్డం పడితే దవాఖానకు పోయే టైం కూడా ఉండదు. మూత గట్టిగా పట్టే డబ్బా పెట్టుకో, కుట్టు అయిపోగానే ఒక అయస్కాంతం కట్టిన కర్రతో నేలంతా తిప్పు, సూదులన్నీ పట్టుకుంటాయి. కత్తెర పైన. మోటారు ప్లగ్గు ఊడదీసి, వైరు చుట్టి పైన. ఇస్త్రీ పెట్టె పాప మేలుకున్నంతసేపూ తీయొద్దు. గది వేరుగా లేకపోతే మిషన్ ముందు అడ్డంగా మంచమో తడికో పెట్టు.

ఇప్పుడు రాత్రి కుట్టుడు. ఒంటిగంట దాకా మేలుకోవడం ఈ రోజుతో బందు. మీ అత్త అన్నది నిజం, చిన్నతనం మళ్లీ రాదు. కాబట్టి తీసేయాల్సింది అర్ధరాత్రి గంటలను, మిషన్‌ను కాదు. వారంలో నాలుగు రాత్రులు ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా, ఆదివారం పొద్దున నాలుగు గంటలు. మొత్తం వారానికి 12, నెలకు 48 గంటలు. హెమ్మింగ్, హుక్కులు వాడలో ఇంకొకామెకు ఇవ్వు. జాకెట్‌కు 40 ఇచ్చినా నీకు ముప్పావు గంట మిగులుతుంది. అప్పుడు 48 గంటల్లో 20 జాకెట్లు సుఖంగా అవుతాయి. ఇరవై ఒకటోది తీసుకోకు, పుస్తకంలో గీత పెట్టు.

రేటు 50 పెంచు. గిరాకీ పోతుందని భయపడతావు. పోనీ. నీ చేతికి మించి పని ఉన్నప్పుడే రేటు పెంచాలి, పని లేనప్పుడు పెంచితే ఎవరూ ఇవ్వరు. నీకు కావలసింది ఇరవై మంది, నలభై కాదు. 400లో 90 ఖర్చు, 40 హెమ్మింగ్ తీస్తే 270 మిగులు, 20 జాకెట్లకు 5,400. మునుపటి 9,100 కంటే 3,700 తక్కువ. నిద్ర, మెడ, ఇద్దరు పిల్లల సాయంత్రాలు ఆ 3,700తో కొనుక్కున్నావనుకో. ప్రకాశం బజార్‌లో లైనింగ్ మీటర్ల లెక్కన కాకుండా తానుగా తీసుకుంటే కొంత అక్కడా మిగులుతుంది, ఎక్కువ నడిచే రంగులు నీకు తెలిసే ఉంటాయి.

పెళ్లి జాకెట్లకు సగం పైసలు ముందే తీసుకో. కొలతలు, ఇచ్చిపుచ్చుకోవడాలు ఆదివారం పొద్దున మాత్రమేనని వాట్సాప్‌లో అందరికీ పెట్టు. "రేపు ఇస్తా" అనే మాట టైలర్ల నోట ఊరికే వస్తుంది, నువ్వు మాత్రం రెండు రోజులు కలిపి చెప్పి, చెప్పిన రోజుకు ఇవ్వు. రేటు ఎక్కువైనా నిన్ను వదలకుండా చేసేది ఆ మాటే.

కుట్టుపని పూర్తిగా ఆపొద్దని ఎందుకు గట్టిగా అంటున్నానంటే, జాకెట్ కొలత చాలా సొంతమైన విషయం. ఒక దసరా వేరే దగ్గర కుట్టించుకుని నచ్చిందంటే ఆ మనిషి మళ్లీ నీ ఇంటికి రాదు. పిల్లలు పెద్దయ్యాక మొదలుపెడతానంటే మొదటి జాకెట్ నుంచి మొదలుపెట్టాలి. ఇరవై మందిని నిలబెట్టుకుంటే చాలు, పాప అంగన్‌వాడీకి పోయే వయసు వచ్చేసరికి నీ పని నీ చేతిలో ఉంటుంది.

షట్టర్ వద్దు. ఇందులో నాకు అనుమానమే లేదు. కిరాయి 5,000 అంటే 19 జాకెట్ల మిగులు. నువ్వు నెలంతా కుట్టగలిగే పనంతా ఓనర్‌కే కుట్టి పెట్టినట్టు. కరెంటు బిల్లు వేరే. తొమ్మిది నుంచి ఆరు దాకా నువ్వు దవాఖానలో ఉంటే ఆ షట్టర్ ఎవరు తీస్తారు? పైగా పాలు తాగే పిల్లను రోడ్డు పక్క దుకాణంలో దుమ్ములో పడుకోబెట్టాలి. అడ్వాన్సు కోసం సంఘం లోను అస్సలు తీసుకోకు. ఓనర్ దగ్గర కదలకుండా పడి ఉండే 50,000కు నువ్వు వడ్డీ కట్టడం ఏమిటి? సంఘం పైసలు సంపాదించి పెట్టే వస్తువుకు వాడాలి. పీకో మిషన్ కొంటే ఫాల్స్, పీకో పని రోజూ ఉంటుంది, పండుగ లేని నెలలో కూడా.

ఆ మిషన్ కోసం అప్పు చేసే ముందు ఇంకొకటి చూడు. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి, దర్జీ పని అందులో ఒకటి. కొన్ని రోజుల శిక్షణ, శిక్షణ రోజులకు రోజుకు 500, పనిముట్లకు 15,000 దాకా వోచర్, తర్వాత 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా అప్పు, తాకట్టు లేకుండా. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. బ్యాంకులిచ్చే ముద్రా వంటి సర్కారు పథకం అప్పు తీసుకుని ఇంకా తీర్చకుండా ఉంటే అర్హత పోతుంది. అందుకే ముందు ఇది అడిగి, కాకపోతేనే ముద్రా శిశు అప్పుకు పో. అది 50,000 దాకా ఇస్తారు, దానికీ తాకట్టు లేదు. విశ్వకర్మకు పేరు నమోదు కామన్ సర్వీస్ సెంటర్‌లో చేస్తారు. చిన్న వ్యాపారాలకు సర్కారు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా పూర్తిగా ఉచితం. వెయ్యి, రెండు వేలు ఇస్తే చేసి పెడతానని వచ్చేవాళ్లకు ఇవ్వకు.

సంఘంలో ఉన్నావు కాబట్టి సర్కారు బడి యూనిఫాంల కుట్టుపని సంగతి కూడా వినే ఉంటావు. 2024లో దాన్ని మహిళా సంఘాలకు ఇచ్చి, జతకు ఇచ్చే కూలి 75 చేశారు. ఒకే కొలతవి పదులు కలిపి కత్తిరించే వీలుంటే గిట్టుబాటవుతుంది, ఒక్కొక్కటి కుడితే కాదు. ఎండాకాలంలో ఆ మాట వచ్చినప్పుడు ఒక జత కుట్టి గంటలు చూసుకుని అప్పుడు ఒప్పుకో.

మంచి తల్లినా కాదా అని అడిగావు. సాయంత్రం ఆరున్నరకు నువ్వు గడపలోకి రాగానే పాప చేతులు చాపి పాకుతూ వస్తుంది కదా? దానికి నువ్వెవరో తెలుసు, నీ వాసన తెలుసు, నీ గొంతు తెలుసు. బాబు హోంవర్క్ చేయకుండా మొండికేసేది కూడా నీ దగ్గరే, ఎందుకంటే నువ్వు పోవని వాడికి నమ్మకం. పగలంతా ఇంట్లో ఉండే తల్లి మాత్రమే మంచి తల్లి అయితే మన జిల్లాలో నాట్లు వేసిన ఏ తల్లీ మంచిది కాదు, చెట్టుకు చీర ఊయల కట్టి పాలమూరు నుంచి దేశం మీదికి పనికి పోయిన ఏ తల్లీ మంచిది కాదు. నువ్వు మంచి తల్లివే. నిద్ర లేక అలసిపోయి ఉన్న మంచి తల్లివి. ముందు నిద్రపో.

నెలాఖరు దాకా ఆగకుండా రేపే షట్టర్ ఓనర్‌కు ఫోన్ చేసి ఇప్పుడు వద్దని చెప్పెయ్యి. ఆయన ఇంకో మనిషికి ఇచ్చుకుంటాడు, నీ తల మీద ఒక బరువు దిగుతుంది. ఖాళీ షట్టర్లు దేవరకొండ రోడ్డు మీద మళ్లీ దొరుకుతాయి. దీపావళి దాటాక ఆ నోటుబుక్కులోంచి మూడు అంకెలు నాకు రాసి పంపు: చేతికి వచ్చిన పైసలు, పట్టిన గంటలు, కాదన్న గిరాకీ గీతలు. రక్త పరీక్షల్లో ఏమొచ్చిందో కూడా రాయి. ఉద్యోగం మానాలా, సగం పూటకు మార్చమని అడగాలా అన్నది అవి చూసి తేల్చుకుందాం.